ఎండలో ఆడిన వైపరు

శనివారం మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు డిటెక్టివ్ కాటమరాజు గిద్దలూరులో వెంకటస్వామి శెట్టి గారి కారు షెడ్డు ముందు జట్కా దిగాడు. దిగగానే అడిగింది నేరం సంగతి కాదు, మంచినీళ్ళు. మార్కాపురం నుంచి రైల్లో నిలబడి వచ్చిన మనిషి, పైగా బాగా ఒళ్ళున్న మనిషి. చెంబెడు నీళ్ళు ఎత్తి గటగటా తాగి, తువ్వాలుతో మీసాలు తుడుచుకుని, "ఊఁ, ఇంగ చెప్పండి. ఎవరి కొంప మునిగింది?" అన్నాడు.

మునిగింది యోబు కొంప. శెట్టి గారి కారు డ్రైవరు. ఇరవై నాలుగేళ్ళవాడు, మాట మెత్తన. చేతులకు బేడీలతో షెడ్డు గోడవారగా కూర్చుని ఉన్నాడు. పక్కన ఎస్సై గారు గడియారం చూసుకుంటున్నారు. మూడు గంటల నలభై నిమిషాల రైలుకు యోబును నంద్యాల సబ్ జైలుకు తీసుకుపోవాలి. సరిగ్గా నాలుగు గంటలకు మిషను గుడిలో యోబుకూ ఎలీషబాకూ పెళ్ళి. పందిరి వేశారు, పొట్టేలు ఉడుకుతోంది, పాస్టరు గారు బూట్లకు పాలిష్ కూడా పెట్టించుకున్నారు.

ఎలీషబా మిషను దవాఖానాలో నర్సు. కాటమరాజును పిలిపించింది ఆ పిల్లే. "పెళ్ళి శనివారం నాలుగుకు. పెళ్ళికొడుకు లాకప్పులో. వెంటనే రండి" అని తంతి కొట్టింది. కాటమరాజు పోలీసు వ్యాను డ్రైవరుగా పదిహేనేళ్ళు చేసి, ఆ ఉద్యోగానికి ఒక దండం పెట్టి, మార్కాపురంలో డిటెక్టివ్ అని బోర్డు కట్టి ఏడేళ్ళయింది. ఏడేళ్ళలో ఇంత పొందికైన తంతి ఆయనకు రాలేదు. రైల్లో దాన్ని నలుగురికి చదివి వినిపించాడు కూడా.

"పెదనాయనా, వచ్చినావా," అంది ఎలీషబా. తెల్లచీర కట్టుకుని, తల సగం దువ్వుకుని, దువ్వెన చేత్తోనే పట్టుకుని వచ్చేసింది.

"వచ్చినా తల్లీ. నువ్వు ఆ జడ పూర్తిగా వేసుకో. పెళ్ళి ఆగదులే," అన్నాడు కాటమరాజు. అలా అనడానికి ఆయన దగ్గర అప్పటికి ఒక్క ఆధారమూ లేదు. అయినా అనేశాడు, ఆయన స్వభావమే అంత.

"ఆధారం లేకుండా హామీలివ్వడం మా మద్రాసులో అలవాటు లేదండీ," అని కారు వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

తెల్లటి పాంటు, తెల్లటి కోటు, చేతిలో స్టాపువాచీ. ఆయన పేరు ప్రభాకరరావు. పోయిన నగకు బీమా చేసిన మద్రాసు కంపెనీ పంపిన డిటెక్టివు. నిన్న సాయంత్రమే దిగి, కేసు తేల్చేసి, గురువారం నుంచి లాకప్పులో ఉన్న యోబుకు ఎస్సై గారి చేత బేడీలు వేయించాడు. పదిహేను పేజీల రిపోర్టు కూడా రాసేశాడు. అందులో ఒక్క కొట్టివేత లేదని ఆయనకు కాస్త గర్వం.

"మీ రిపోర్టు నిదానంగా చదువుతా గానీ, ముందు పిల్లోన్ని రెండు మాటలు అడగనీయండి," అని కాటమరాజు యోబు ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెప్పు నాయనా. గురువారం ఏం జరిగింది? గంటలతో సహా చెప్పు."

"పొద్దున పదిన్నరకు నంద్యాలలో బయల్దేరినాం మామా. మా సావుకారమ్మ పద్మమ్మ గారి బంగారు గుండ్లపేరు కంసాలి దగ్గర బాగుచేయించి తెస్తాన్నాం. పెద్దన్నయ్య నా ఎడమపక్క కూర్చున్నాడు. పెట్టె ఆయన కాళ్ళ కాడ ఉండె."

పెద్దన్న అంటే శెట్టి గారి బావమరిది. ఆ మూల ముక్కాలిపీట మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్న మనిషి ఆయనే. ఆయన పక్కనే వెంకటస్వామి శెట్టి గారు ఉత్తరీయంతో విసురుకుంటూ నిలబడి ఉన్నారు.

"కనమ దిగేదాకా వాన లేదు. దిగువమెట్ట దాటినాక పట్టుకొన్నాది. అప్పుడు ఒంటిగంట. స్టేషన్లో గూడ్సు బండి నిలబడుకోనుంది, అందుకే గుర్తు. వైపరు తిప్పినా. ఒక రెండు ఫర్లాంగులు బాగానే ఆడింది మామా. అటెనక నిదానమైపాయ. అద్దం మధ్యలోకొచ్చి నిలబడిపాయ. మళ్ళా కదల్లే."

"ఆగితే ఏం చేసినావు?"

"దిగి అద్దం మీద పొగాకు రుద్దినా. నీళ్ళు బొట్లు బొట్లుగా నిలబడకుండా జారిపోతాయి గదా. కానీ ఆ వానకు పొగాకు ఏం పనికొస్తాది. ఇంకో పది గజాలు పోయినామో లేదో మైలురాయికి తగిలి గుంతలో దిగింది. ముందు చక్రం వంగిపాయ. అప్పటికి ఒకటీ ఇరవై. బండి తాళం తీసుకొని ఎడ్లకోసం ఊళ్ళోకి పోయినా. పోలయ్యను, ఆయన ఎడ్లను తోలుకొని వచ్చేటప్పటికి రెండున్నర. పెట్టె లేదు. పెద్దన్నయ్య నన్ను జూసి, పెట్టె నువ్వే గోనెసంచి కింద పెట్టుకొని పోయినావని నా మీదికి లేసినాడు."

"గోనెసంచి కప్పుకొని పోయినావా?"

"పోయినా. వాన గదా మామా."

ప్రభాకరరావు దగ్గాడు. "అంతా బాగానే ఉంది. ఒక్క చిన్న ఇబ్బంది. ఆ వైపరు చెడిపోలేదు."

ఆయన కారు దగ్గరికి వెళ్ళాడు. పదేళ్ళనాటి పాత కారు. పైన గుడ్డ టాపు. ముందద్దం చట్రానికి పైన డ్రైవరు వైపు పిడికిలంత ఇనుప డబ్బా ఉంది. దానికి వైపరు పుల్ల వేలాడుతోంది. డబ్బాకూ ఇంజనుకూ మధ్య సన్నటి నల్లటి గొట్టం, బానెట్టు సందులోంచి బయటికి వచ్చి అద్దం చట్రం వెంబడి పైకి పోయింది. ప్రభాకరరావు ఇంజను స్టార్టు చేసి, డబ్బా మీది మీట తిప్పాడు. వైపరు టకటకా ఆడసాగింది. ఆయన స్టాపువాచీ నొక్కి పట్టుకున్నాడు.

"నిమిషానికి నలభై నాలుగు ఊపులు. నిన్న సాయంత్రం నలభై మూడు. ఇవాళ పొద్దున నలభై నాలుగు. వైపరు ఆగిందన్నది ఇతని కట్టుకథ. కారు ఆపడానికి ఒక సాకు కావాలి, అందుకు పుట్టించిన కథ. పెద్దన్న గారు పక్కనే ఉన్నారు, వైపరు చివరిదాకా ఆడిందని సంతకం పెట్టి చెప్పారు. ఇంకా ఏమైనా అడగాలా?"

"అడగాల," అన్నాడు కాటమరాజు. "ఆడే వైపరు పెట్టుకొని అద్దం మీద పొగాకు రుద్దే డ్రైవరును నేను పదిహేనేండ్లలో చూడలే. ఇదిగో చూడండి, మరక ఇంకా ఉంది. డ్రైవరు పక్కన మాత్రమే."

"సాకుకు సాక్ష్యంగా రుద్ది ఉంటాడు. అది రెండో పేజీలో రాశాను."

"రెండో పేజీలోనే రాసినారా. గట్టివారే." కాటమరాజు కోటు విప్పి ఎలీషబా చేతికిచ్చి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చేసింది. నేరాలు సరే, అవి ఎక్కడైనా దొరుకుతాయి. చెడిపోయిందని ఒకరూ, చెడిపోలేదని ఒకరూ వాదించుకునే యంత్రం దొరకడం ఆయనకు పండగ. వ్యాను తోలిన రోజుల్లో ఇలాంటి వైపర్లతో ఎన్ని కుస్తీలు పట్టాడో ఆయనకే తెలుసు.

ముందు వైపరు పుల్లకున్న రబ్బరు అంచు వేలితో లాగి చూశాడు. మెత్తగానే ఉంది. పుల్లను బిగించిన నట్టు తిప్పి చూశాడు. గట్టిగానే ఉంది. ఇంజను ఆపించి, పుల్లను చేత్తో అటూ ఇటూ ఆడించాడు. డబ్బాలో ఎక్కడా పట్టేయడం లేదు. మిగిలింది గొట్టం. ఇంజను పీల్చే గాలి ఆ గొట్టంలోంచే పోతుంది, ఆ పీల్పుతోనే వైపరు ఆడుతుంది. గొట్టంలో పీల్పు పోతే వైపరు పోయినట్టే. కాటమరాజు దాన్ని రెండు వేళ్ళతో నొక్కాడు. నొక్కి, కొంచెం ఆగాడు. తర్వాత వంగి, దానికి ముక్కు ఆనించి వాసన చూశాడు.

ఎస్సై గారు చూపు పక్కకు తిప్పుకున్నారు. ప్రభాకరరావు నవ్వాడు. "వాసన చూసి చెబుతారా కాటమరాజు గారూ? మాకైతే ఆ విద్య నేర్పలేదు."

"మాకు ఇంట్లోనే నేర్పినారు లెండి," అన్నాడు కాటమరాజు. వాళ్ళ నాయన పుల్లలచెరువు పక్క అడవి అంచున గొర్రెలు కాసినవాడు. ఆ ఇంట్లో పెరిగినవాడికి బూడిదా ఆముదమూ కలిసిన ఆ వాసన ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. మీసాల చాటున నవ్వుకుని, ఎలీషబా వైపు తిరిగి, "తల్లీ, ఇంకో చెంబెడు నీళ్ళు తే," అన్నాడు.

"మళ్ళీ దాహమా?" అన్నాడు ప్రభాకరరావు.

"నాక్కాదు, కారుకు. ప్రభాకరరావు గారూ, మీరు ఈ వైపరును మూడు మాట్లు పరీక్ష చేసినారు. మూడు మాట్లూ ఈ షెడ్డులోనే గదా?"

"అవును."

"ఎండ కాసేటప్పుడే గదా?"

"వాన ఎక్కడ తెచ్చేది?"

"అదే, నేను తెప్పిస్తాన్నా."

నీళ్ళు వచ్చాయి. ఇంజను మళ్ళీ స్టార్టు చేయించాడు. వైపరు టకటకా ఆడుతోంది. కాటమరాజు ముందు అద్దం మీద కాసిని నీళ్ళు చల్లాడు. వైపరు వాటిని శుభ్రంగా తుడిచేసింది. ప్రభాకరరావు ఒక కనుబొమ్మ ఎగరేశాడు. అప్పుడు కాటమరాజు చెంబు వంచి, సన్నటి ధారగా గొట్టం పొడవునా పోయసాగాడు. ఒక చెంబు అయింది. రెండోది తెప్పించాడు. అదీ పోశాడు. మూడోది సగం కాగానే వైపరు చప్పుడులో తేడా వచ్చింది. టకటకలు టక్, టక్ అయ్యాయి. తర్వాత పుల్ల ఒళ్ళు బరువెక్కినట్టు నిదానంగా లేచి, అద్దం నడుమకు వచ్చి, అక్కడే నిలిచిపోయింది.

యోబు బేడీలతోనే లేచి నిలబడ్డాడు. "ఇట్లనే మామా. సరిగ్గా ఇట్లనే ఆగిపాయ," అన్నాడు.

ప్రభాకరరావు మీట తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. లాభం లేకపోయేసరికి గొట్టం పట్టుకుని పిసికాడు. అది చేతిలో చప్పగా అణిగిపోయింది. అరచేయంతా మసి. ఆ చేయి ఏం చేయాలో తోచక తెల్లకోటుకు తుడుచుకున్నాడు, తుడుచుకున్నాక గానీ ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

"ఇది రబ్బరు కాదు," అన్నాడు చేయి చూసుకుంటూ.

"కాదు. గొర్రె పేగు. బూడిదతో రుద్ది, ఎండబెట్టి, ఆముదంలో మసి కలిపి పూసినారు. ఎండితే కర్రలాగా గట్టిగా ఉంటాది. గాలి ఎంత పీల్చినా నిలబడతాది, వైపరు ఆడతాది. తడిసిందంటే మెత్తబడిపోతాది. పీలిస్తే లోపలికి అణుక్కుపోయి మూసుకుంటాది. అంటే ఈ వైపరు ఎండలో ఆడతాది, వానలో ఆడదు. మీరు చూసిందీ నిజమే, యోబు చెప్పిందీ నిజమే." ఈ మాట అంటున్నప్పుడు కాటమరాజు ముఖం వెలిగిపోయింది. ఎండలో మాత్రమే పనిచేసే వైపరును తయారుచేసిన మహానుభావుడు ఎవరో గానీ, వాడి చేయి పట్టుకుని ఊపాలనిపించింది ఆయనకు.

వాడు ఎదురుగానే ఉన్నాడు. యోబు తల వంచుకున్నాడు.

"చెప్పు నాయనా. అసలు రబ్బరు గొట్టం యాడ ఉంది?"

ఎలీషబా దువ్వెన బొడ్లో దోపుకుని ముందుకు వచ్చింది.

"నా దగ్గరుంది పెదనాయనా. దవాఖానాలో డాక్టరు దొరసానమ్మ గుండె చూసే గొట్టం వేడినీళ్ళలో కడుగుతుంటే నా చేతిలోనే తెగిపాయ. మద్రాసు నుంచి కొత్తది రావాలంటే మూడు నెలలంట. నేను ఏడుస్తా కూర్చుంటే ఈ మనిషి పోయి ఆ గొట్టం కోసి తెచ్చిచ్చినాడు. సరిగ్గా సరిపాయ. రెండు నెల్లనుంచి ఈ తాలూకాలో అందరి గుండెలూ వైపరు గొట్టంతోనే వింటున్నాం."

కాపలా కానిస్టేబులు ఫక్కున నవ్వి, ఎస్సై గారిని చూసి దగ్గులోకి మార్చుకున్నాడు.

"మరి గొర్రె పేగు ఎందుకు పెట్టినావు?" అన్నాడు కాటమరాజు యోబుతో.

"ఖాళీగా కనబడితే సావుకారు అడుగుతాడు గదా మామా. వారం రోజులు కష్టపడి చేసినా. లోపల పుల్ల పెట్టి, రెండు పొరలు తొడిగి. పెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఆడింది. వానలో చూసుకోవాలని నాకు తోచలే. తోచినా వాన ఎక్కడిది? మూడేండ్లాయ మన పక్క గట్టివాన మొఖం జూసి. కొత్త గొట్టం వచ్చేలోపల వాన పడతాదని ఎవరనుకొన్నారు?"

ఈసారి కానిస్టేబులు ఆపుకోలేకపోయాడు. ఎస్సై గారు కూడా మీసం సవరించుకుంటున్నట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. కాటమరాజు మాత్రం బానెట్టు మీద చేయి ఆనించి, పొట్ట కదిలేటట్టు నవ్వాడు. ఆ సీమలో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చేయలేని పొరపాటు అది. వైపరుతో అవసరం పడదని ధీమాగా నమ్మిన డ్రైవరు ఈ భూమ్మీద ఇంకెక్కడ దొరుకుతాడు?

నవ్వనివాళ్ళు ఇద్దరే, బావా బావమరిదీ. శెట్టి గారు ఉత్తరీయం విసరడం ఆపి, "ఎస్సై గారూ, మూడూ ఐదైంది. రైలు టైమవుతోంది. నా కారు గొట్టం కోసినవాడు నా నగ తీయడా? తీసుకుపోండి వాణ్ణి," అన్నారు.

"అదే నా ప్రశ్న కూడా," అన్నాడు ప్రభాకరరావు, కోటు మీది మసిని రుమాలుతో తుడిచి ఇంకా పెద్దది చేసుకుంటూ. "కారు ఆపడానికి కావాలనే పేగు పెట్టాడేమో?"

"కావాలనే పెట్టినోడైతే, ఎందుకు ఆగిందో వాడికి తెలిసుండాల గదా. రెండు రోజులు లాకప్పులో ఉండి కూడా వానికి తెలియలే. ఇప్పుడు నేను నీళ్ళు పోస్తే మనతో పాటే తెలుసుకొన్నాడు. వాడి మొఖం మీరు చూడలేదా?"

ప్రభాకరరావు చూశాడు. అతనికి రిపోర్టు మీద మమకారం ఉన్న మాట నిజమే గానీ, కళ్ళతో చూసినదాన్ని చూడలేదనే మనిషి కాదు. "చూశాను," అన్నాడు అయిష్టంగా.

"అయితే కారు ఆగింది ఎవరి పన్నాగమూ కాదు. ఆగినాక ఒక గంటా పది నిమిషాలు దాని దగ్గర ఉన్నది ఒక్క మనిషి." కాటమరాజు ముక్కాలిపీట వైపు తిరిగాడు. "పెద్దన్నయ్యా, ఒక మాట. వైపరు ఎంతసేపు ఆడింది?"

పెద్దన్న తాంబూలం బుగ్గన పెట్టుకుని తొణక్కుండా చెప్పాడు. "గుంతలో పడేదాకా ఆడతానే ఉన్నాది. నేను సంతకం పెట్టి చెప్పినా. ఆ నీళ్ళ గారడీలు నాకు తెలియవు."

"మీకు బాగా గుర్తుందా?"

"ఎందుకుండదు? యోబు ఎడ్లకోసం పోయినాక గూడ ఆడతానే ఉన్నాది. వాడు గోనెసంచి కింద పెట్టె పెట్టుకొని పోయేది నేను ఆ అద్దంలోంచే గదా చూసినా. తేటగా కనబడినాడు."

"వాడు తాళం తీసుకొని పోయినాడు గదా?"

"తీసుకొని పోయినాడు."

కాటమరాజు ప్రభాకరరావు వైపు చూశాడు. ప్రభాకరరావు స్టాపువాచీని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"పెద్దన్న గారూ," అన్నాడు, "ఇంజను నడవకపోతే వైపరు ఆడదు. తాళం తీసుకుపోతే ఇంజను నడవదు. మీరు నాకు నిన్న ఇంత వివరం చెప్పలేదు. చెప్పి ఉంటే నా రిపోర్టు ఇంకోలా ఉండేది." ఆయన సంచీలోంచి పదిహేను పేజీలూ తీసి, మొదటి పేజీకి అడ్డంగా పెన్సిలుతో గీత కొట్టాడు. అది చూసి కాటమరాజుకు ఆ మనిషి మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది.

పెద్దన్న నమలడం ఆపాడు. "నాకు సరిగా గుర్తులేదేమో. అయితే ఏంది? నా దగ్గర ఏమన్నా దొరికిందా?"

దొరకలేదు. ఎస్సై గారు గురువారం సాయంత్రమే ఇద్దరి ఒళ్ళూ సోదా చేశారు. ఖాళీ పెట్టె మరునాడు గుంతకు పదడుగుల దూరంలో తుప్పలో దొరికింది. నగ మాత్రం లేదు. "నగ దొరకందే నేను ఎవరినీ వదల్లేను కాటమరాజు గారూ," అన్నారు ఎస్సై గారు. "వైపరు సంగతి నిజమే. కానీ మేజిస్ట్రేటు గారు అడిగేది వైపరును కాదు." గడియారం మూడూ పదిహేను చూపిస్తోంది. ఎలీషబా కాటమరాజు కోటును గట్టిగా గుండెకు అదుముకుంది.

ఎడ్లు తెచ్చిన పోలయ్య షెడ్డు బయట కూర్చుని ఉన్నాడు. కాటమరాజు అతణ్ణి లోపలికి పిలిచాడు.

"పోలయ్యా, నువ్వు పోయేటప్పటికి వాన ఉందా?"

"దంచి కొడతాంది అన్నా. నేనూ యోబూ ముద్ద ముద్దగా తడిసినాం."

"పెద్దన్నయ్య ఎట్లున్నాడు?"

పోలయ్య కొంచెం ఆలోచించాడు. "పొడిగా ఉన్నాడన్నా. చొక్కా ఇస్త్రీ గూడ నలగలే. చెప్పులకు ఇంత బురద లే. కారులో కూర్చొని ఆకొక్కలు ఏసుకుంటాన్నాడు. నాకు కడుపు మండిపాయ."

"కారును ఎట్ల తెచ్చినావు?"

"చక్రం వంగిపాయ గదా, నా ఎడ్లే గిద్దలూరు దాకా లాక్కొచ్చినాయి. యాడా ఆపలే. సీదా పోలీసు టేసనుకు."

"అక్కణ్ణించి ఈ షెడ్డుకు, తలుపుకు సీలు, కానిస్టేబులు కాపలా," అన్నారు ఎస్సై గారు. ఆయన గొంతులో ఇప్పుడు కొంచెం ఉత్సాహం వచ్చింది.

"చూసినారా," అన్నాడు కాటమరాజు. "అంత వానలో ఆ మనిషి కారు దిగలే. దిగితే తడిసేవాడు. పెట్టె కూర్చున్న చోటినుంచే బయటికి విసిరినాడు. నగ విసరలే, విసిరేదైతే తీసేదెందుకు. ఒంటి మీద పెట్టుకోలే, సోదా చేస్తారని తెలుసు. అంటే ఆ గుండ్లపేరు కారులోనే ఉంది. సీట్లో కూర్చొని చేయి చాపితే అందే చోటనే ఉంది."

"నేను మొత్తం వెతికాను," అన్నాడు ప్రభాకరరావు. "సీట్లు కోసి చూశాను. చాపలు ఎత్తి చూశాను. పనిముట్ల సంచీ కుమ్మరించాను."

"ఎప్పుడూ నిలబడే వెతికింటారు. నేను కూర్చొని వెతుకుతా."

కాటమరాజు కారెక్కి పెద్దన్న కూర్చున్న ఎడమ సీట్లో కూలబడ్డాడు. స్ప్రింగులు మూలిగాయి. ముందుకు చేయి చాపాడు. తలుపు జేబులో పెట్టాడు. సీటు కింద పెట్టాడు. ఏమీ లేదు. మూడూ ఇరవై రెండు. యోబు దిగిపోయాక పక్క సీటు ఖాళీ గదా అనుకుని, జరిగి డ్రైవరు సీట్లోకి వచ్చాడు. స్టీరింగు మీద ఎడమచేయి వేశాడు. కుడిచేయి దానంతటదే బయటికి పోయింది. పదిహేనేళ్ళ అలవాటు. డ్రైవరు కుడిచేయి ఊరికే ఎందుకుంటుంది, హారను రబ్బరు బుడ్డి మీదికే పోతుంది. పోయి నొక్కింది.

హారను పలకలేదు. బుడ్డిలో మాత్రం ఏవో గింజలు కరకరలాడాయి.

కాటమరాజు కళ్ళు మూసుకుని ఇంకోసారి నొక్కాడు, ఆ సుఖం కోసమే. తర్వాత బుడ్డిని ఇత్తడి మెడనుంచి మర తిప్పి ఊడదీశాడు. "తల్లీ, కొంగు పట్టు," అన్నాడు. ఎలీషబా పరుగెత్తుకొచ్చి తెల్లచీర కొంగు చాపింది. బుడ్డి బోర్లించి పిసికితే ఒక్కొక్క గుండే జారింది, తర్వాత పేరు మొత్తం గలగలా వచ్చి కొంగులో పడింది. షెడ్డులో ఉన్న కాస్త ఎండకే అది పచ్చగా మెరిసింది.

ఎస్సై గారు చప్పుడు చేయకుండా వెళ్ళి యోబు బేడీలు విప్పారు. యోబు మణికట్లు రుద్దుకుంటూ నవ్వాడు, కళ్ళనిండా నీళ్ళు. పోలయ్య ఎవరూ అడగకుండానే పోయి కానిస్టేబులు చేయి పట్టుకుని ఊపాడు.

వెంకటస్వామి శెట్టి గారు ముందుకు దూకి బావమరిది చెంప ఛెళ్ళుమనిపించారు. "నా ఇంటి తిండి తిని నాకే ద్రోహం చేస్తివా," అన్నారు. వెంటనే యోబు వైపు తిరిగి, గొంతు తడి చేసుకుని, "తప్పైపోయింది రా. చక్రం బాగుచేయించినాక ఈ కారులోనే ఎక్కించుకొని పోరా నీ పెండ్లాన్ని. గొట్టం సంగతి నేను మర్చిపోయినా," అన్నారు.

పెద్దన్న చెంప తడుముకున్నాడు. తాంబూలం ఉమ్మేసి నోరు తుడుచుకున్నాడు. ఎస్సై గారు తన వైపు వస్తుంటే, ఆయన్ని చూడకుండా శెట్టి గారినే చూశాడు.

"బావా, కొట్టేటోడివి నిదానంగా కొట్టాల్సింది," అన్నాడు. "పాలసీ తీసుకొనింది ఎవరు? నలభై రోజులన్నా కాలే. పోయిందని చెప్పు, తర్వాత ఇద్దరం చూసుకొందామనింది ఎవరు?"

శెట్టి గారి చేతిలో ఉత్తరీయం జారి కింద పడింది.

"ముప్పై ఎనిమిది రోజులు," అన్నాడు ప్రభాకరరావు నెమ్మదిగా. రిపోర్టు వెనక్కి తిప్పి, తెల్లకాగితం మీద ఆ అంకె వేశాడు.

"నంద్యాలకు నేనొక్కణ్ణే పోను," అన్నాడు పెద్దన్న. "ఇంకోటి గూడ చెప్తా రాసుకోండి. ఈ వారమే కానియ్యమన్నది మా బావే. యోబుగాడు శనివారం పెండ్లి చేసుకుంటాన్నాడు, వాడికి పెండ్లి ఖర్చుకు కావలసొచ్చి తీసినాడంటే ఊరంతా నమ్ముతాదన్నాడు."

యోబు యజమాని ముఖంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అర్థంకాకపోవడం ఉంది. "మొదటి పెళ్ళిపత్రిక మీకే ఇచ్చినా గదా సావుకారూ," అన్నాడు. "మీరు కండ్లకద్దుకొని తీసుకొంటిరి."

వెంకటస్వామి శెట్టి గారు కింద పడిన ఉత్తరీయం కోసం వంగారు. ఎస్సై గారు ఆయన చేతిని మర్యాదగానే పట్టుకుని, మూడూ నలభై రైలుకు ఒక మనిషి పోవలసింది ఇద్దరు పోవాలని కానిస్టేబులుతో చెప్పారు.

ఎలీషబా గుండ్లపేరును ప్రభాకరరావు మసిచేతుల్లో పోసి, కొంగు దులుపుకుంది. కాటమరాజు కోటు ఆయనకు తిరిగి ఇచ్చి, యోబు మణికట్టు పట్టుకుంది. బేడీల గుర్తు మీద సరిగ్గా తన వేళ్ళు పడ్డాయి.

"నడువు," అంది. "ఇంకా ముప్పై నిమిషాలుంది. నా జడ నువ్వే అల్లాల దారిలో."